ఒకే రాయిమీద

కల్నల్ టెట్టే ఫోటో బల్లమీద పడేశాడు. "మన రాయబార కార్యాలయంపై దాడిలో పోయినవాళ్లకి స్మారకశిల. రేపే ఆవిష్కరణ. ఆ దాడి చేసిన ముఠాయే ఇక్కడా బాంబు పెడుతోంది. రిమోట్ తెచ్చేవాడు చుట్టంలా వస్తాడు. ముఖం మనకి తెలీదు."

"సమాచారం ఎవరిది?"

"అరబాది. ప్రభుత్వం మీద కసి ఉందని నమ్మించి, ముఠాలో చేరి మనకి పనిచేస్తోంది."

ఏజెంట్ యావ్ డార్క్వా పెదవి బిగించాడు. అరబా ఫిఫీ క్వాన్సా భార్య. శిలమీద మొదటి పేరు అతనిదే, ఫస్ట్ సెక్రటరీ. రెండోది డార్క్వా భార్య అఫువాది, రహస్య సందేశాలు చూసే సైఫర్ క్లర్క్. కాల్పుల్లో క్వాన్సా ఆమెకి అడ్డుపడ్డాడు. ఇద్దరూ పోయారు. దేశమంతా అతన్ని మెచ్చుకుంది. డార్క్వా మెచ్చుకోలేదు. అఫువా చివరిసారి చూసింది వాడి ముఖం.

మర్నాడు రాజధాని అక్రాలో ఎండ మాడుస్తోంది. డార్క్వా కుర్చీలు సర్దేవాడి వేషంలో ఉన్నాడు. సంతాపపు ఎరుపు నలుపు బట్టల్లో అరబా వచ్చింది. ఏడ్చినా చెదరని అందం.

"సముద్రపు గాలి ఆగిందేం?" అంది. అది కోడ్.

"మధ్యాహ్నం వీస్తుంది."

"బాంబు శిల దగ్గరి పూలచక్రాల్లో ఉంది. ఏ చక్రంలోనో నాకూ చెప్పలేదు. ఇప్పుడు వెతికితే వాడు మీట నొక్కేస్తాడు." గొంతు తగ్గించింది. "మీ ఆవిడ పేరూ మా ఆయన పేరూ ఎంత దగ్గరగా చెక్కారో చూశారా? నాకోసమైతే ఆయన వానకి కూడా అడ్డుపడలేదు."

"నన్నడిగి అడ్డుపడ్డాడా?"

"వాళ్లు బతికుంటే మనిద్దరం కలిసి నిలదీసేవాళ్లం."

రాయి పేలిపోతే ఆ రెండు పేర్లూ విడిపోతాయి. ఆ ఊహ డార్క్వాకి తియ్యగా తగిలింది. ముందు వరసలో అఫువా తల్లి కనబడింది. తీపి విరిగిపోయింది.

అప్పుడే కుమాసీ ఊరి పెద్దాయన ఒకడు, అఫువాకి చినతాతనంటూ, వరసలోవాళ్లకి చేయి కలుపుతూ వచ్చాడు. భుజాన నల్లబట్ట, చెప్పులు, యాస, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ వరసని ఎడమ కొసనుంచి మొదలుపెట్టాడు. అక్కడ పాలు మరిచిన పిల్లాడైనా కుడి కొసనుంచే పలకరిస్తాడు.

అఫువా తల్లి చేయి వెనక్కి లాక్కుంది. "ఎవడయ్యా నువ్వు? పలకరించడానికొచ్చావా, మమ్మల్ని తిట్టడానికొచ్చావా?"

ముసలాడి చేయి నల్లబట్టలోకి జారింది. డార్క్వా మడతకుర్చీ విసిరాడు. వేలు మీటని తాకేలోపు మణికట్టు విరిగింది. రిమోట్ అరబా కాళ్ల దగ్గర పడింది. ఆమె దాన్ని అందుకుని బ్యాటరీ ఊడబీకింది.

సాయంత్రానికి బాంబు దొరికింది, శిల ముసుగూ తొలగింది. కల్నల్ అతని భుజం తట్టాడు. "మనవాళ్లలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. రాయి కూడా చెక్కుచెదరలేదు."

"అదొక్కటే లోపం సార్," అన్నాడు డార్క్వా.