వేగరంధ్రం మీద పచ్చటి మరక

“ఏమోయ్ శ్రీమతీ, శోధిని తీర్పిచ్చేసింది! విమానాల్లో ఏ లోపమూ లేదట. రేపట్నించి మళ్లీ ఎగరొచ్చు. మొదటిది నడిపేది నేనే!”

చెవిలో మణికంఠ గొంతు గంతులేసింది. సముద్రంలోంచి తీసిన రెండు విమానాల ముక్కుల ముందు, కూలిన విమానాల ముక్కలు పరీక్షించే శకలశాలలో, చేతితొడుగులతో నిలబడ్డ సుధేష్ణకు నవ్వాగలేదు. పెళ్లయి ఇంకా నెల కాలేదు. అతను అలా సంబరపడితే ఈ శాలలో ఇచ్చే నీళ్ల టీ కూడా ఆమెకు తియ్యగానే ఉంటుంది.

“మరి తప్పెవరిదట?”

“పైలట్లదే. వేగం మితిమీరి పెంచేశారట.”

“రెండు విమానాల్లోనూనా?”

“నీ డ్యూటీ బుర్ర కాసేపు పక్కన పెట్టవే తల్లీ!”

ఫోన్ పెట్టేశాడు. ఆ బుర్ర మాత్రం పక్కకు జరగలేదు.

ప్రమాదాల కారణం తేల్చే యంత్రం శోధిని. దాని తీర్పు అమలు కావాలంటే ఒక మనిషి వేలిముద్ర పడాలి. ఈ వారం ఆ వేలు సుధేష్ణది. గాజుపలక మీద ఆకుపచ్చ వలయం దానికోసమే వెలుగుతోంది.

ధ్వని వేగాన్ని దాటి పోయే ఈ రకం విమానానికి ముక్కు మీద సన్నటి వేగరంధ్రం ఉంటుంది. అందులోకి గాలి దూరితేనే దానికి తన వేగం తెలిసేది. ఇక్కడ రెండు ముక్కుల మీదా ఆ రంధ్రం చుట్టూ పచ్చటి మరక ఉంది. శోధిని దాన్ని సముద్రపు మట్టి అంది. ఒక విమానం బంగాళాఖాతంలో కూలింది, ఇంకొకటి అరేబియా సముద్రంలో. రెండిటికీ అదే మట్టి, అదే చోట!

దూదిని సబ్బునీళ్లలో ముంచి అద్దింది. మరక ఎర్రబడింది, స్నానం చేసేటప్పుడు తన మెడలోని కొత్త పసుపుతాడు ఎర్రబడినట్టే.

“సార్, ఇది మట్టి కాదు. పసుపు.”

ఈ శాలకీ, ఎగిరే విమానాల తనిఖీకీ పర్యవేక్షకుడైన వాసుదేవరావు కళ్లజోడు సవరించుకున్నాడు. “ఎక్కడో అంటుకుని ఉంటుందిలే. వేలు నొక్కమ్మా, పైనుంచి ఒకటే ఫోన్లు.”

“ఎగిరే ముందు పూజ చేశారా?”

“చెయ్యకుండా ఎలాగమ్మా? చక్రాల కింద నిమ్మకాయలు, ముక్కుకి పసుపు బొట్టు. నేనే నిచ్చెనెక్కి పెట్టాను, రెండిటికీ…”

ఆయన చూపు ఎర్రబడ్డ మరక మీద పడింది.

ఎండిన పసుపు రంధ్రాన్ని మూసేసింది. తాను నెమ్మదిగా పోతున్నాననుకున్న విమానం వేగం పెంచుకుంటూ పోయింది, రెక్కలు విరిగేదాకా. శోధినికి లోహాలన్నీ నేర్పారు గానీ, పూజ సంగతి ఎవరూ చెప్పలేదు.

“సార్, రేపటి విమానానికి?”

“మధ్యాహ్నమే పెట్టొచ్చాను,” అన్నాడాయన, వినపడీ వినపడనట్టు.

“అంగీకారం కోసం నిరీక్షిస్తున్నాను,” అంది శోధిని.

సుధేష్ణ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. “నొక్కను.”

వలయం ఆరిపోయింది. దేశంలోని విమానాశ్రయాల పలకల మీద ఆ రకం విమానాల రేపటి ప్రయాణాలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. వెంటనే మణికంఠ ఫోను.

“నా విమానం ఆపిన మహానుభావుడెవరే?”

“నేనే. ఇంటికొచ్చాక తిట్టు. తిట్టడానికి నువ్వుంటే చాలు నాకు.”

వాసుదేవరావు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“ఆ పైలట్ల ఇళ్లు నాకు తెలుసమ్మా. రేపు పొద్దున్నే వెళ్దాం. తప్పు వాళ్లది కాదని నేనే చెప్తాను. నువ్వు పక్కనుండు, చాలు.”