నల్ల తెర మీద ఎర్ర చుక్క

దీప్తి ఒక స్క్రీన్‌ను వెనక్కి పంపిందంటే అందులో లోపం ఉన్నట్టే. పటాన్‌చెరులోని ఆ మానిటర్ల ఫ్యాక్టరీలో ఈ మాటకు ఎదురు చెప్పేవారు లేరు. చీకటి గదిలో ఒక్కో తెరనూ తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో వెలిగించి, ఆవగింజలో పదో వంతు లేని చుక్కను కూడా ఆమె పట్టుకునేది.

మొదటి పరీక్ష నిఖిలేష్‌ది. అతను పాస్ చేసినవాటిలో కొన్నింటిని ఏరి చూసే రెండోది ఆమెది. అతను చేరి నెలే అయింది. ఆమె కళ్లను అతను రోజూ దొంగచాటుగా మెచ్చుకునేవాడు.

ఒక రోజు ఆమె మూడు తెరల పాస్ స్లిప్పులు అతని ముందు పెట్టింది.

"ఇవి పాస్ చేసింది మీరేనా?"

"నేనే. ఏమైంది మేడం?"

"ఒక్కోదాంట్ల మూడు చుక్కలున్నయి. రెండు దాకనే ఒప్పుకుంటరు గద."

"నాకు రెండే కనబడ్డయి."

"మూడోది ఎర్రగ మెరుస్తుంది. పక్కూరు ఇస్నాపూర్‌ల నిలబడ్డా కనబడ్తది."

అతను తల దించుకున్నాడు. ఆ వారంలో మరో రెండు దొరికాయి. అన్నీ నల్ల తెర మీద ఎర్ర చుక్కలే.

"టార్గెట్ కోసం కండ్లు మూసుకుంటున్నరా?" అంది దీప్తి. "ఇంకొక్కటి దొరికితే సరస్వతి మేడంకు రాసిస్త. కావాల్నని వదిలేస్తున్నరని."

సరస్వతి క్వాలిటీ మేనేజరు. ఆ కాగితం వెళితే అతని ఉద్యోగం పోతుంది. దీప్తి తనను మోసగాడనుకుంటోందన్న బాధ అంతకంటే పెద్దది.

శనివారం షిఫ్టు అయ్యేసరికి వాన. గేటు పక్క చాయ్ బండి రేకు కింద ఇద్దరే మిగిలారు. మాట కలపాలని అతను అన్నాడు:

"మీ నల్ల చున్నీ మంచిగుంది."

దీప్తి తన చున్నీ వంక చూసుకుంది. ముదురు ఎరుపు.

వెక్కిరిస్తున్నాడేమోనని అతని ముఖం చూసింది. వెక్కిరింపు లేదు. ఫోన్ తీసి, నల్ల తెర మీద ఎర్ర చుక్క ఉన్న పరీక్ష బొమ్మ చూపించింది.

"ఏం కనబడ్తుంది?"

"నలుపు."

"ఇంకా?"

అతను ఫోన్‌ను దగ్గరకు తీసుకుని చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"ఎరుపు నాకు సరిగ తెల్వదు మేడం. చిన్నప్పటి సంది గిట్లనే. చెప్తే ఉద్యోగం ఇయ్యరని చెప్పలే."

"నేను మిమ్మల్ని దొంగ అనుకున్న."

"దాచినందుకు దొంగనే గద."

దీప్తి చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. "మనం పంపే స్క్రీన్ల ఒక్క చుక్క గూడ ఉండొద్దని ఎవరన్నరు? ఎన్ని ఉండొచ్చో ముందే రాసుకున్నం. మనుషులు గూడ గట్లనే. దాయొద్దు, గంతే. సోమవారం మీరే పోయి చెప్పుండ్రి. ఆ కాగితం నేను రాయ."

సోమవారం అతను చెప్పాడు. సరస్వతి కోప్పడింది. గోదాములో ఉన్న, అతను పాస్ చేసిన నాలుగు వందల మానిటర్లనూ మళ్లీ చూడమంది. దీప్తి తనంతట తానే పక్కన కూర్చుంది.

మూడు రోజులు చూశారు. ఎర్ర చుక్కలు ఆమె పట్టింది. తెల్ల తెర మీద వెలగని నల్ల చుక్కలను మాత్రం ప్రతిసారీ అతనే ముందు పట్టాడు. ఆమె కన్ను దాటిపోయినవి కూడా రెండు చూపించాడు.

"ఇన్నేండ్లల్ల నా తప్పెవరు పట్టుకోలే," అంది దీప్తి. ఆ గొంతులో మెప్పు ఉంది.

సరస్వతి లెక్క చూసి, "తెల్ల తెర నీది. రంగులు, నలుపు దీప్తివి. ఇగ పని చేసుకోండి," అని వెళ్లిపోయింది.

ఆఖరి మానిటర్ ఇంకా తెల్లగా వెలుగుతోంది.

"మేడం, మా అమ్మను బీరంగూడకు, మీ ఇంటికి పంపనా?"

"మీ అమ్మకు నా సంగతేం చెప్పినవ్?"

"ఎవ్వరికీ దొరకని తప్పు నీకు దొరుకుతదని. దొరికినంక గూడ పక్కన కూసుంటవని."

అతను తనకు తెలియకుండానే 'నువ్వు'లోకి వచ్చాడు. ఆమె అప్పటికే వచ్చేసింది.

"ఆదివారం రమ్మను. నేను ఏ రంగు చీరె కట్టుకోవాల్నో మాత్రం నువ్వు చెప్పకు."

ఆ వెలుగులో దీప్తి ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపు అతనికి కనబడలేదు. ఆమె తల దించుకుని నవ్వడం కనబడింది.