మంచు తగలకూడదు

పొద్దున్నే ఫ్రిజ్ తెరిచిన కొడుకు కొయ్యబారిపోయాడు. పాప ఇన్సులిన్ సీసాలు నాలుగూ పై అరలో, ఐసు ముక్కల పక్కన గడ్డకట్టి ఉన్నాయి.

"ఇవి ఇక్కడ ఎవరు పెట్టారు?"

"నేనేరా," అంది పెద్దావిడ గర్వంగా. "నిన్న కరెంటు పోయిందిగా. చల్లగా ఉండాలన్నావని మంచులో పెట్టా."

"చల్లగా ఉంచమన్నాను గానీ గడ్డ కట్టించమన్నానా? అన్నీ పాడైపోయాయి! తెలియని వాటి జోలికి పోకమ్మా!"

"పోనిద్దురూ, వేరేవి తెస్తా," అంటూ కోడలు చెప్పులు వేసుకుంది. మంచికి పోతే చెడు ఎదురైనట్టయింది పెద్దావిడకి. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా మూలన కూర్చుంది.

మనవరాలికి తొమ్మిదో ఏట నుంచీ చక్కెర జబ్బు. ఈ నెలలోనే మూడుసార్లు చక్కెర పడిపోయి, ఏ సూచనా లేకుండా కుప్పకూలింది. ఇంకోసారి పడితే లేస్తుందో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు. ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే క్లోమం దాత నుంచి దొరకాలని ఏడాదిగా ఎదురుచూపులు. విచిత్రమేమిటంటే, దాతల అవయవాలు ఆపరేషన్ దాకా పాడవకుండా కాపాడటమే తండ్రి ఉద్యోగం. ఎందరి పిల్లలకో అవయవాలున్న పెట్టెలు మోసినవాడు తన పిల్లకు మాత్రం ఒక్కటీ తేలేకపోయాడు.

పదకొండు గంటలకు ఫోన్ మోగింది. క్లోమం దొరికింది.

కన్నవాడు పెట్టె ముట్టకూడదని ఆసుపత్రి నియమం. అందుకని తోటి ఉద్యోగి పెట్టె విప్పుతుంటే, తల్లీ కొడుకులు అద్దం ఇవతల నిలబడ్డారు. మంచు లోంచి ఒక సంచి, అందులోంచి ఇంకొకటి, అందులోంచి మరొకటి. చివరిదాంట్లో, మందునీళ్ళలో, అరచేతి పొడవున పాలిపోయిన కండ.

"ఇంతేనా?" అంది పెద్దావిడ గుసగుసగా.

"అంతే. దాన్ని వేలితో నొక్కినా కందిపోతుందమ్మా. అందుకే దానికి అంటుకుని ఉండే ప్లీహమనే అవయవాన్ని పట్టుకుని ఎత్తుతారు. మంచు నేరుగా తగిలితే చచ్చిపోతుంది. మన ఫ్రిజ్ కింది అరలో ఉన్నంత చల్లదనం చాలు. నిద్రపోవాలి గానీ ప్రాణం పోకూడదు."

పెద్దావిడ అద్దానికి దగ్గరగా జరిగింది. ఏ ఇంట్లోనో ఈపాటికి గుండెలు బాదుకుంటూ ఉంటారు. వాళ్ళ మనిషిలోని ముక్క ఒకటి ఇక్కడ పసిబిడ్డలా నిద్రపోతోంది.

కొడుకు తల్లి వైపు తిరిగాడు. "ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ నీలాగే చేశానమ్మా. చల్లగా ఉండాలన్నారని ఒక్క సంచితోనే మంచులో పెట్టేశా. క్లోమం పాడైపోయింది. దానికోసం పడుకోబెట్టిన మనిషిని తిరిగి ఇంటికి పంపేశారు. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. పొద్దున నీమీద అరిచిన అరుపు, ఆ రోజు నామీద నేను అరవాల్సింది."

"ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నావట్రా?" అంటూ పెద్దావిడ వాడి తల దగ్గరకు లాక్కుంది. నెరుస్తున్న ఆ తల ఆమె భుజం మీద చాలాసేపు ఉండిపోయింది.

సాయంత్రానికి డాక్టరమ్మ బయటికొచ్చింది. "రక్తం వదలగానే క్లోమం గులాబీ రంగు తిరిగింది. పని మొదలుపెట్టింది. చక్కెర నూట పది. ఇన్సులిన్ చుక్క కూడా ఇవ్వలేదు."

కోడలు భోరుమంది. కొడుకు గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చున్నాడు. పెద్దావిడ మాత్రం నడవాలో ఉంచిన ఖాళీ పెట్టె దగ్గరకు వెళ్ళి, మూత మీద అరచెయ్యి ఆనించింది.

"ఏ తల్లి బిడ్డవో," అంది. "మా పిల్లను జాగ్రత్తగా చూసుకో."