నాన్న ఆడిన అబద్ధం

పాలు మాడిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. పొయ్యి పక్కనే కూర్చుని టీ తాగుతున్న తండ్రి తల కూడా తిప్పలేదు.

“అక్కడే ఉన్నావు కదా నాన్నా, స్టవ్ కట్టేస్తే నీ సొమ్మేం పోయేది?” అంటూ కూతురు పరుగున వచ్చి గిన్నె దించింది.

“జలుబమ్మా. ముక్కు పని చెయ్యట్లేదు.”

ఆ జలుబు చాలా నెలలుగా ఉంది. మూసుకుపోయేది ఒక పక్క ముక్కే. ఈ మధ్య ఆ పక్క చెంప కూడా ఉబ్బింది. అడిగితే పంటినొప్పి అనేవాడు. తల్లి ఎవరి వంకా చూడకుండా మాడిన గిన్నె తోమడం మొదలుపెట్టింది.

కూతురు జుట్టు ముడేసుకుని పెరట్లోని షెడ్డుకి బయల్దేరింది. తండ్రి తన పెళ్లికి ముందు నుంచీ వడ్రంగం చేసేది అక్కడే. చదువయ్యాక తనూ ఆయన పక్కన చేరింది. చెక్కని చిత్రిక పట్టి నునుపు చెయ్యడంలో చెయ్యి కుదిరాక, పని చేయించుకునేవాళ్లు ఆమెను చిన్నమేస్త్రి అనేవారు. అది విన్నప్పుడల్లా తండ్రి మీసాల్లో నవ్వుకునేవాడు.

ఆ రోజు షెడ్డు తలుపుకి కొత్త తాళం వేలాడుతోంది.

“ఇదేంటి నాన్నా?” వెనకే వచ్చిన తండ్రిని అడిగింది.

“మిషన్లు అమ్మేస్తున్నా. సాయంత్రం వచ్చి తీసుకెళ్తారు. నువ్వు ఏ ఆఫీసులోనైనా ఉద్యోగం చూసుకో.”

“వేళాకోళమా? అల్మరా సగంలో ఉంది!”

“ఇంకో మేస్త్రికి అప్పజెప్పా.”

“నాతో ఒక్క మాటైనా అనకుండానా? పనేమన్నా పాడుచేశానా?”

ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది.

“నాకు తెలుసులే. కొడుకైతే ఇలా తాళం వేసేవాడివా?”

“వేసేవాణ్ణి కాదు,” అన్నాడు తండ్రి నేల చూస్తూ. “ఆడపిల్లకెందుకీ రంపాలూ ఉలులూ అని అందరూ అంటూనే ఉన్నారు. నేనే చెవిన పెట్టలేదు.”

ఆయన ముక్కుసూటి మనిషి. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి అనడం ఆయనకు చేతకాదని ఆమె నమ్మకం. అందుకే ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. గోడవారనున్న సుత్తి తీసుకుని గొళ్లెం మీద బాదింది. అది ఊడగానే లోపలికి దూరి, రంపం మిషను స్విచ్చి వేసి, చేతికందిన పలకను తోసింది. చెక్క పొడి పొగలా లేచింది.

“ఆపు! పీల్చకు తల్లీ, పీల్చకు!”

తండ్రి ఒక్క ఉదుటున వచ్చి స్విచ్చి కట్టేశాడు. భుజం మీది తువ్వాలు ఆమె ముఖానికి అదిమిపట్టి బయటికి లాక్కొచ్చాడు. విదిలించుకోబోయిన కూతురు ఆయన్ని చూసి కొయ్యబారిపోయింది. ముక్కులోంచి రక్తం ధార కట్టి చొక్కా తడిపేస్తోంది. ఆయన అది తుడుచుకోవడం లేదు. ఆమె ముఖమ్మీది పొడి తుడుస్తున్నాడు.

తల్లి పరుగెత్తుకొచ్చింది. “ఇంకెన్నాళ్లు దాస్తారండీ? నా వల్ల కాదు!” అని కూతురి వైపు తిరిగి గొల్లుమంది. “ముక్కు లోపల కణితి లేచిందే. క్యాన్సరట. ఏళ్ల తరబడి చెక్క పొడి పీలిస్తే ఇలా రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. అప్పటినుంచీ ఈయనకు కంటి మీద కునుకు లేదు. తన గురించి కాదు, నీ గురించి!”

కూతురు తువ్వాలు మడిచి ఆయన ముక్కు కింద పెట్టింది.

“నీ ఉయ్యాల కూడా ఈ షెడ్డులోనే కట్టాను,” అన్నాడు తండ్రి. “నువ్వు రంపపు పొట్టులో దొర్లుతుంటే మురిసిపోయాను. నిజం చెబితే పనంతా నీ నెత్తినేసుకుంటావు. నేనంటే అసహ్యం పుడితే మానేస్తావనుకున్నా.”

“అంత మాట ఎలా అనగలిగావు నాన్నా?”

“అన్నాక నాలుక కోసుకోవాలనిపించింది.”

ఆపరేషనుకి ఒప్పుకోవడానికి ఆయన ఒకే షరతు పెట్టాడు. ముందు కూతురి ముక్కు చూడాలి. డాక్టరమ్మ సన్నటి గొట్టం లోపలికి పోనిచ్చి, “శుభ్రంగా ఉంది, భయం లేదు,” అంది.

“రెండో పక్క కూడా చూడండమ్మా.”

అటూ ఏమీ లేదు. తన జబ్బు సంగతి విన్నప్పుడు చెక్కు చెదరని మనిషి, అప్పుడు గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆయన కణితి మాత్రం అప్పటికే కంటి వైపు పాకింది. పై దవడ సగం, అంగిలి తీసెయ్యాలన్నారు. మాట మునుపటిలా ఉండదన్నారు.

ఆపరేషను రోజు స్ట్రెచర్ పక్కన నడుస్తూ కూతురు చెప్పింది. “పని మానను నాన్నా. మిషన్లు కొనడానికి వచ్చినవాళ్లని తిప్పి పంపేశా. మాస్కు కట్టుకునే చేస్తా. పొడి లాగే మిషను పెట్టిస్తా. ఏటేటా ముక్కు చూపించుకుంటా. తిట్టాలనుంటే ఇప్పుడే తిట్టు.”

ఆపరేషను గది తలుపు దగ్గర తండ్రి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“షెడ్డు వెనక గోడ కొట్టించు. గాలి ఆడనీ.”

ఆయన నోట ఆమె స్పష్టంగా విన్న ఆఖరి మాట అదే. ఇంటికొచ్చాక ఆయన ఏం మాట్లాడినా గాలిలా పోయేది, తల్లి అర్థం చెప్పేది. గోడ కొట్టేసిన చోట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కూతురి మాస్కు కాస్త జారితే చాలు, కుర్చీ చేతిని టకటకా కొట్టేవాడు. ఆమె నవ్వి సర్దుకునేది.

కణితి మళ్లీ లేచింది. వానలు మొదలవక ముందే ఆయన పోయాడు.

ఇప్పుడు కుర్చీ కొట్టేవాళ్లు లేరు. మాస్కు జారితే ఆమే పైకి లాక్కుంటుంది. లాక్కున్నాక ఒకసారి ఆ కుర్చీ వంక చూస్తుంది. కళ్లు తుడుచుకుని, మళ్లీ చిత్రిక అందుకుంటుంది.