కుడి చేతికి ఎడమ అక్షరం

వంటింట్లో కాలు జారి కుడి చేతి మీద పడ్డాను. మణికట్టు బూరెలా పొంగింది. నా మనవరాలు ఎముకల ఆస్పత్రిలో సిమెంటు కట్లు వేస్తుంది. అక్కడికే లాక్కెళ్లింది.

ఎక్స్‌రే తీసే అబ్బాయి కొత్తవాడు. మాట మెత్తన.

"అమ్మమ్మగారూ, అరచెయ్యి బల్లకి ఆనించండి. ఇది పీఏ వ్యూ. ఇప్పుడు చిటికెన వేలు కిందికి, బొటనవేలు పైకి. ఇది లేటరల్."

"ఉన్నది ఒక చెయ్యేగా బాబూ, రెండెందుకు?"

"పైనుంచి తిన్నగా కనపడే ఎముక పక్కనుంచి చూస్తే వంగి ఉండొచ్చండీ."

చెప్పేది నాకు, చూసేది తలుపు దగ్గరున్న నా మనవరాలిని. ముగ్గురు పిల్లల పెళ్లిళ్లు చేసినదాన్ని, ఆమాత్రం తెలియదా!

కాసేపటికి మనవరాలు ఫిల్ము పట్టుకుని విసవిసా వచ్చింది.

"వాచింది కుడి చెయ్యి. దీని మీద ఎల్ అని పడింది. మీకు కుడి ఎడమ తెలీదా?"

చేతి పక్కన పెట్టే సీసం అక్షరం తప్పు పెట్టాడట. అబ్బాయి ముఖం పాలిపోయింది.

"పెద్ద డాక్టరుగారికి తెలిస్తే ఉద్యోగంలో ఉంచరు," అంది మనవరాలు, గొంతు తగ్గించి.

"పోనీ, పెన్నుతో దిద్దేయవే," అన్నాను.

"వద్దండీ," అన్నాడు అబ్బాయి. "ఇవాళ దిద్దితే రేపు ఎవరికో బాగున్న కాలు కోస్తారు."

రిజిస్టరులో తన తప్పు తనే రాసుకుని డాక్టరు గదికి వెళ్లాడు. మనవరాలు నా పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కుంది. చిన్నప్పుడు మాన్పించిన అలవాటది.

పావుగంటకి వచ్చాడు. "బాగా తిట్టారు. నెల రోజులు చూస్తామన్నారు."

మళ్లీ రెండు వ్యూలూ తీశాడు. ఎముక నిజంగానే పక్కనుంచి వంగి ఉంది.

"అసలెలా పొరబడ్డారు?" అంది మనవరాలు.

అబ్బాయి నా చేతికేసే చూస్తూ, "మీరు తలుపు దగ్గర నిలబడ్డారు," అన్నాడు.

మనవరాలు నాకు కట్టు వేస్తూ దూది రెండుసార్లు కింద పడేసింది.

ఆరు వారాలకి కట్టు విప్పి మళ్లీ ఎక్స్‌రేకి వెళ్లాం. అబ్బాయి ఉద్యోగం నిలబడింది. ఈసారి సీసం అక్షరం మనవరాలే పెట్టింది.

"నా డ్యూటీ ఆరింటికి అయిపోతుంది. గేటు దగ్గరుంటాను," అంది, తల ఎత్తకుండా.

"కుడి గేటా, ఎడమ గేటా అండీ?"

"చూశావా అమ్మమ్మా," అంది మనవరాలు, "ఇప్పుడు అడిగి తెలుసుకుంటున్నారు."