పెట్టె నిండా మరిచిపోయిన గొంతులు

ఆ ఆదివారం పొద్దున కాలిఫోర్నియాలోని సన్నీవేల్ ఆకాశం, పిండకుండా ఆరేసిన దుప్పటిలా బరువుగా వేలాడుతోంది. కురుస్తుందా అంటే కురవదు, విడుస్తుందా అంటే విడవదు.

తెలుగు చర్చివాళ్లు అద్దెకు తీసుకున్న హాల్లో కోతపండుగ. 1982. కోయడానికి ఎవరికీ చేలు లేవు కనుక ఎవరింట్లో ఉన్నది వాళ్లు తెచ్చి దేవుడి బల్ల మీద పెట్టారు. సొరకాయలు, కేకులు, గోంగూర పచ్చడి సీసాలు. పాస్టరు అయ్యగారు ఒక్కొక్కటే వేలం వేశారు. చివరికి ఒక అట్టపెట్టె మిగిలింది. నిండా పాత ఇంగ్లీషు పాటల గ్రామఫోన్ రికార్డులు, చిన్నవి. ఎవరూ నోరెత్తలేదు. అది అలా దిక్కులేకుండా ఉండిపోవడం చూడలేక ఏసుపాదం చెయ్యెత్తాడు.

రేపల్లె పక్క పల్లెటూరివాడు. కంప్యూటర్ చిప్పుల కంపెనీలో టెక్నీషియన్. వారానికి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

పెట్టెను కార్లో పెడుతుంటే వెనకనుంచి ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"ఎక్స్‌క్యూజ్ మీ! అది నాది!"

"వేలంలో పాడుకున్నానండీ."

"మా అమ్మ పాత సామాననుకుని ఇచ్చేసింది. కాలేజ్ రేడియోలో నా ప్రోగ్రామ్‌కి అవే కావాలి. ప్లీజ్!"

అతను ఇచ్చేసేవాడే. ఈలోగా వాళ్లమ్మ రూతమ్మగారు గొడుగుతో వచ్చిపడ్డారు.

"దెబోరా! దేవుడి బల్ల మీద పెట్టింది మళ్లీ ఇంటికి తెస్తావా? ఆ అలవాటు మనింట్లో లేదు."

"డాటీ హాస్కిన్స్ పాటలు దేవుడికెందుకే అమ్మా!"

"ఆయనిష్టం."

ఏసుపాదం గొంతు సవరించుకున్నాడు. "తీసుకోకూడదు సరే. వినొచ్చుగదండీ?"

అప్పుడు మొదలైంది వాన.

ఆ తర్వాత ప్రతి శనివారం మధ్యాహ్నం అతనింటికి దెబోరా నోట్‌బుక్‌తో వచ్చేది. కాపలాగా రూతమ్మగారూ వచ్చి, సోఫాలో స్వెట్టర్ అల్లుతూ కునికేవారు. రికార్డు మీద సూది గరగరమనగానే ఏ పదహారేళ్ల పిల్లో గది మధ్యకి వచ్చి నిలబడినట్టుండేది.

"ఈ అమ్మాయిలంతా రాక్ అండ్ రోల్ కొత్తలో పాడారు," అనేది దెబోరా. "ఒక్క రికార్డు, రెండు వారాలు రేడియో. తర్వాత గిటార్లేసుకుని అబ్బాయిలొచ్చారు. వీళ్లేమయ్యారని ఎవరూ అడగలేదు. నేను అడుగుతున్నా."

అతను తలూపేవాడు. పాట వింటున్నప్పుడు ఆమె కళ్లు మూసుకుంటుందనీ, నచ్చిన చోట కాలి బొటనవేలు కదులుతుందనీ అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆదివారాలు అతనే పెట్టె మోసుకుని రేడియో స్టేషన్‌కి వెళ్లేవాడు. ఒక్కో రికార్డూ తనే తిరిగే పళ్లెం మీద పెట్టేవాడు. ఇచ్చినట్టూ కాదు, పుచ్చుకున్నట్టూ కాదు.

జనవరిలో కంపెనీ అతన్ని టెక్సస్‌లో ఇర్వింగ్ ఆఫీస్‌కి మార్చింది. ఫిబ్రవరి ఒకటో తారీఖున బయల్దేరాలి. ఆ మాట చెప్తే దెబోరా "కంగ్రాట్స్" అంది. ఆ రోజు ఆమె బొటనవేలు ఏ పాటకీ కదల్లేదు. అతను ఇంకేదో చెప్పబోయి, రికార్డు తిప్పి పెట్టాడు.

చివరి ఆదివారం డాటీ హాస్కిన్స్ పాట వేశారు. అది అయిపోగానే స్టూడియో ఫోన్ మోగింది. దెబోరా స్పీకర్ నొక్కింది.

"ఆ పాట పాడింది నేనే," అంది అవతలి గొంతు, బొంగురుగా. "ఫ్రీమాంట్‌లో స్కూలు బస్సు నడుపుతాను. ఇరవై మూడేళ్లయింది ఆ పాట విని."

దెబోరా ఫోన్ మీదికి వంగింది. "ఎవరి కోసం పాడారు మేడమ్?" అంది.

"మా వీధిలో ఒకబ్బాయి కోసం. నోటితో చెప్పలేదు. పాట విని వాడే తెలుసుకుంటాడనుకున్నా." ఆవిడ నవ్వింది. "వాళ్లింట్లో రేడియోనే లేదట. వాడి పెళ్లయ్యాక తెలిసింది."

ప్రోగ్రామ్ ముగిసింది. పార్కింగ్ లాట్‌లో సన్నటి జల్లు. ఏసుపాదం పెట్టెను కారు మీద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు.

"నా దగ్గర టేప్ డెక్ ఉందండీ. ఇవన్నీ మొదటి శనివారమే కాసెట్లకి కాపీ చేసి ఇచ్చేసి ఉండొచ్చు. చెప్పలేదు."

దెబోరా అతనికేసి చూసింది. "మా స్టేషన్‌లో నాలుగున్నాయి. నేనూ చెప్పలేదు."

వాన వాళ్లిద్దరి మీదా పడుతోంది. ఎవరూ కారెక్కలేదు.

"మీరంటే ఇష్టమండీ. మిమ్మల్ని వదిలి వెళ్లలేను."

"ఇర్వింగ్‌లో రేడియో స్టేషన్లు లేవా ఏంటి? పదండి. అమ్మతో నేను మాట్లాడతా. మీరు పక్కన నిలబడండి, చాలు."

దెబోరా చెప్పిందంతా రూతమ్మగారు వంటింట్లోనే నిలబడి విన్నారు. గరిటె దించి అడిగారు. "నువ్వు చెప్తున్నావు సరే. ఆయనకి నోరు లేదా?"

"ఉందండీ," అన్నాడు ఏసుపాదం. "దెబోరాని నాకిచ్చి పెళ్లి చేయండి."

ఆవిడ స్టవ్ ఆర్పారు. బల్ల మీద మూడు కంచాలు పెట్టారు. అన్నం, చేపల పులుసు వడ్డించారు. కూర్చున్నాక అతనికేసి తిరిగి, "ఈ ఇంట్లో భోజనానికి ప్రార్థన మగదిక్కే చేస్తుంది. దెబోరా నాన్న పోయాక ఆ పని నామీద పడింది. ఇవాళ నువ్వు చెయ్యి, బాబూ," అన్నారు.

అతను కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు ఒక్క మాటా రాలేదు. చివరికి, "ఆమేన్," అన్నాడు.

"ఆమేన్," అన్నారు తల్లీకూతుళ్లు.

ముగ్గురూ తలవంచి, వేడి పులుసన్నం నెమ్మదిగా కలుపుకుని తిన్నారు.