రొట్టెల బండి తలుపు

ఎండ నడినెత్తికొచ్చింది. మైదానంలో పాత కార్లు రెండు వరుసల్లో నిలబడి ఉన్నాయి. అన్నీ రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైనవే. అయినా నిన్నగాక మొన్న కొన్నట్టు తళతళలాడుతున్నాయి. జనం వాటి మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోతున్నారు.

గిలక మాత్రం మొహం మాడ్చుకుని కూర్చుంది.

గిలక అసలు పేరు వేరే ఉంది. మాటలొచ్చిన దగ్గర్నుంచీ నోరు మూసిన పాపాన పోలేదని, బావి గిలకలా మోగుతూనే ఉంటుందని తాత ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు పదేళ్లు. ఆ నోరు ఇంకా మూతపడలేదు.

తాత లారీ మెకానిక్. ఆయన ప్రదర్శనకి తెచ్చింది కారు కూడా కాదు, ఒకప్పుడు ఇంటింటికీ రొట్టెలు మోసిన చిన్న వ్యాను. గుండ్రటి దీపాలు, పొడుగాటి ముక్కు, రబ్బరు బుడ్డి నొక్కితే పాం పాం అనే హారను. ఇంజను చక్కగా నడుస్తుంది, అదంతా తాత చేతి చలవే. రంగు జోలికి మాత్రం ఆయన వెళ్లలేదు. ఆకుపచ్చ రంగు వెలిసి, బూడిద చల్లినట్టు ఉంటుంది. తలుపు మీద పసుపు అక్షరాలతో "తాజా రొట్టెలు" అని రాసి ఉంది. అదీ అక్కడక్కడా రాలిపోయింది.

పక్కనే కంటి డాక్టరు గారి పొడుగాటి ఎర్ర కారు. చుట్టూ తాడు కట్టి ఉంది. డ్రైవరు పొద్దుట్నుంచీ ఒకే మడ్‌గార్డును తుడుస్తున్నాడు. అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు.

ఇద్దరు అబ్బాయిలు వ్యాను దగ్గర ఆగారు.

"ఇదేంట్రా, పాత ఇనుము కొట్టు నుంచి తోలుకొచ్చారా?" అన్నాడు ఒకడు. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్లిపోయారు. గిలకకి తల కొట్టేసినట్టయింది.

"తాతా, మనం కూడా రంగు వేయిద్దాం."

"వద్దు తల్లీ. ఇది పుట్టినప్పటి రంగు."

"పుట్టినప్పటి బట్టలు ఎవరైనా ఇప్పటికీ వేసుకుంటారా?"

తాత పకపకా నవ్వాడు. "నీ నోటికో దణ్ణం! నేను నిర్వాహకుల డేరా దాకా వెళ్లి సంతకం పెట్టొస్తా. పిల్లలొస్తే బండి ఎక్కించు. హారను కొట్టుకోనీ."

అది తాత అలవాటు. అందరూ తాళ్లు కడితే, ఆయన తలుపు తీసిపెడతాడు. బండి ఉన్నది ఎక్కడానికే కదా అంటాడు.

తాత వెళ్లగానే గిలక డ్రైవరు దగ్గరికి పరిగెత్తింది.

"అన్నా, కొంచెం పాలిష్ ఇవ్వవా?"

"మీ తాతకి చెప్పావా?"

"ఆఁ, చెప్పాను." నోరున్న పిల్ల కదా, అబద్ధం కూడా చటుక్కున వచ్చేసింది.

డ్రైవరు డబ్బా, గుడ్డ ఆమె చేతిలో పెట్టి భోజనానికి వెళ్లాడు.

గిలక తలుపు మీద పాలిష్ పూసి రుద్దడం మొదలుపెట్టింది. గుడ్డ ముందు నల్లబడింది. తర్వాత ఆకుపచ్చగా మారింది. కింద నుంచి రంగు నిగనిగలాడుతూ బయటికొచ్చింది. తాత చూస్తే మురిసిపోతాడు! పళ్లు బిగబట్టి ఇంకా గట్టిగా రుద్దింది. చెయ్యి నొప్పిపుట్టి ఆగి, గుడ్డ చూసుకుంది.

గుడ్డ పసుపుగా ఉంది.

తలుపు మీద "రొట్టెలు" మాత్రమే మిగిలింది. "తాజా" లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ అక్షరాల గురించి తాత చాలాసార్లు చెప్పాడు. గిలకకి మాట్లాడటంలో ఉన్న సరదా వినడంలో ఉండేది కాదు. ఎవరు రాశారన్నాడు? బోర్డులు రాసే ముత్తాత... గిలక గుడ్డను గబగబా సంచిలో కుక్కింది. డబ్బాను ఎర్ర కారు పక్కన పెట్టేసింది.

తాత వచ్చాడు. తలుపు చూసి ఆగిపోయాడు.

"ఎవరమ్మా ఇలా చేసింది?"

గిలక నీళ్లు నమిలింది. "ఎవరో పిల్లలు తాతా. నేను... నేను వద్దన్నా వినలేదు."

తాత ఖాళీ చోటును వేలితో తడిమాడు. తర్వాత డాక్టరు గారి దగ్గర మిగిలిన తాడు అడిగి తెచ్చి, వ్యాను చుట్టూ కట్టాడు. ఇన్నేళ్లలో ఆయన తాడు కట్టడం ఇదే మొదటిసారి.

ఇంతలో ఒక చిన్నపిల్ల వాళ్లమ్మ చెయ్యి లాక్కుంటూ వచ్చింది.

"తాతగారూ, పాం పాం కొట్టొచ్చా?"

"వద్దు. పో అవతలికి."

ఆ గొంతు తాతదేనంటే గిలకకి నమ్మబుద్ధి కాలేదు. చిన్నపిల్ల కింది పెదవి వణికింది. వాళ్లమ్మ చిన్నబుచ్చుకుని, పాపను ఎత్తుకుని వెళ్లిపోయింది.

"పిల్లలే కదా అని తలుపులు తెరిచాను. నాదే బుద్ధి తక్కువ," అని తాత తనలో తాను అనుకున్నాడు.

గిలక ఏడుపు ఆపుకోలేకపోయింది. సంచిలోంచి గుడ్డ తీసి ఆయన ముందు పెట్టింది.

"పిల్లలెవరూ కాదు తాతా. నేనే. బండి బాగుంటుందని రుద్దాను. తర్వాత భయమేసి అబద్ధం చెప్పాను."

తాత తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ గుడ్డను ఒళ్లో పరిచి, అక్షరాలు అందులో ఎక్కడైనా దొరుకుతాయేమో అన్నట్టు చూశాడు.

"మా నాన్న ఫొటో ఒక్కటీ లేదమ్మా," అన్నాడు. "ఆయన రాసిన బోర్డులన్నీ ఎప్పుడో పోయాయి. దీర్ఘాన్ని అలా తోకలా లాగి రాసేది ఆయనొక్కడే. ఆ తోక చూసే కదా, తుక్కు కింద పడి ఉన్న ఈ బండిని ఇంటికి తెచ్చుకున్నాను."

"మళ్లీ రాద్దాం తాతా. నేను నేర్చుకుని రాస్తాను."

"రాయొచ్చు. అది నీ చేతిది అవుతుంది. ఆయనది కాదుగా."

గిలక లేచి ఆ చిన్నపిల్ల కోసం మైదానమంతా వెతికింది. గేటు దాకా వెళ్లింది. వాళ్లు కనబడలేదు.

సాయంత్రం ఇద్దరూ వ్యానులో ఇంటికి బయలుదేరారు. సగం దారిలో గిలక మెల్లగా అడిగింది.

"నా మీద కోపం పోయిందా తాతా?"

"కోపం ఎప్పుడో పోయింది. బాధే పోవడం లేదు," అన్నాడు తాత రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

నాలుగు నెలల తర్వాత మళ్లీ ప్రదర్శన వచ్చింది. అదే మైదానం, అవే కార్లు. తాత వ్యాను ఆపగానే చుట్టూ తాడు కట్టి, మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిల్లలు దూరం నుంచే హారను వైపు ఆశగా చూసి వెళ్లిపోతున్నారు.

"తాతా, తాడు విప్పనా? తలుపు దగ్గర నేను నిలబడతాను. ఎక్కడికీ కదలను."

తాత ఆమె వైపు చూశాడు. "విప్పు," అన్నాడు చివరికి.

గిలక తాడు విప్పింది. కాసేపటికి కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన కొడుకుతో వచ్చి, తలుపు చదివి నవ్వాడు.

"రొట్టెలేనా? తాజావి కావా ఏంటి?"

గిలక చెవులు ఎర్రబడ్డాయి. తాత వినబడేంత దూరంలోనే ఉన్నాడు. అయినా ఆమె తల దించుకోలేదు.

"తాజా అని కూడా ఉండేదండీ. మా ముత్తాత రాశారు. నేను పాలిష్ పెట్టి తుడిచేశాను. మళ్లీ రాదు. మిగిలిన అక్షరాల మీద చెయ్యి వేయకండి. బండి మాత్రం ఎక్కొచ్చు, హారను కొట్టొచ్చు."

ఆయన నవ్వు ఆగిపోయింది. కొడుకును జాగ్రత్తగా పైకి ఎక్కించాడు. పాం పాం అంది హారను.

ఆ తర్వాత ఇంకొకరు అడిగారు. ఆ తర్వాత మరొకరు. గిలక ప్రతిసారీ ఉన్నదున్నట్టు చెప్పింది.

మధ్యాహ్నం తాత మంచినీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. "అందరికీ అలా చెప్పక్కర్లేదు తల్లీ. రాలిపోయిందని చెప్పు, చాలు."

గిలక రెండు గుక్కలు తాగి మూత పెట్టింది. అప్పటికే ఒక ముసలావిడ తలుపు ముందు వంగి ఖాళీ చోటును చూస్తోంది.

"ఇక్కడేం ఉండేది పాపా? రాలిపోయిందా?"

"లేదండీ. నేనే తుడిచేశాను," అంది గిలక.